చివరి రెండేళ్ళు

ఆఫీసు గోడకి తెల్లబోర్డు ఉండేది.
అయస్కాంతపు బిళ్ళల మీద పేర్లు.
ఆకుపచ్చవి ఎదిగేవాళ్ళవి,
పసుపువి ఎదుగుతారేమో అనుకున్నవాళ్ళవి.
నాది బూడిదరంగు బిళ్ళ,
అట్టడుగున, డస్టర్ పక్కన.

క్యాచర్ని. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు, ఏడు జట్లు,
వర్షాన్ని ముందే చెప్పే రెండు మోకాళ్ళు.
గెలవడం నా పని కాదు.
ఆకుపచ్చ బిళ్ళలు విసిరిన బంతి నేలపాలు కాకుండా చూడాలి, అంతే.
గింజలు కొలిచేటప్పుడు
కుంచం కింద పరిచే గుడ్డకి
ధర ఎవరు కడతారు?

ఎలియేసెర్ పెగేరో ఏప్రిల్లో వచ్చాడు,
టార్పాలిన్ కప్పిన అయోవా మైదానంలోకి,
బానీ ఊరి ఎండ ఇంకా మెడ మీద ఉండగానే.
పదహారో ఏట పెట్టిన సంతకం డబ్బుతో
వాళ్ళన్న మూడు మోటార్‌సైకిళ్ళు కొని అద్దెకి తిప్పుతున్నాడట.
మొదటి బంతికే
మిట్ లోపల నా బొటనవేలు విరిగింది.
నొప్పి కన్నా ముందు చప్పుడొచ్చింది.
స్టాండ్స్‌లో రాడార్ గన్ పట్టుకున్న ముసలాయన
అంకె చూసి, గన్ పాడైందనుకుని
తొడకేసి రెండుసార్లు తట్టాడు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు.
పరిమళించినవాళ్ళ బంతులు చాలా పట్టాను నేను.
ఆర్లన్ వెక్‌కి మోచేతి నరం తెగింది.
టోబిన్‌కి స్ట్రైక్ జోన్ ఒక రాత్రి మాయమై
మళ్ళీ దొరకలేదు;
డెన్వర్‌లో బాత్రూములకి టైల్స్ పరుస్తున్నాడు,
తిన్నగా, అంగుళం తప్పకుండా.
ఆలూ లేదు చూలూ లేదు,
నాలుగేళ్ళ తర్వాతి జట్టుకి పైఅంతస్తులో
అప్పుడే పేరు పెట్టేస్తారు.
ఒక్కోసారి కొడుకు పుడతాడు కూడా.

మరుసటి ఆగస్టులో ఎలియేసెర్ పెద్ద లీగుకి వెళ్ళాడు.
మార్చిలో, రాత్రి ఒంటిగంటకి ఫోన్.
"ఎనిమిదేళ్ళట, డేల్.
సున్నాలు లెక్కపెడుతూ మధ్యలో తప్పిపోయి
మళ్ళీ మొదలుపెట్టాను."
మూడేళ్ళు ఆగితే రెట్టింపు వస్తుందన్నాడట ఏజెంటు,
చేయి బాగుంటే.
చేయి బాగుంటే అన్నాక
ఇద్దరం కాసేపు లైన్లో ఊరికే ఉన్నాం.

"ఆరేళ్ళు ఖాయం. చివరి రెండూ ఆప్షన్.
అంటే ఏంటి?"
"నువ్వు బాగా ఆడితే ఉంచుకుంటారు. లేకపోతే లేదు."
"నాకు నచ్చకపోతే వెళ్ళిపోవచ్చా?"
"కుదరదు."
"మరి ఆప్షన్ అన్నారుగా."

వంకరగా అతికిన నా వేలు చూసుకున్నాను.
సంతకం పెట్టు, అన్నాను.
కోతకి ముందే ధర కట్టినవాడు దొంగేం కాదు.
వడగళ్ళు పడితే నష్టం వాడిది,
పడకపోతే లాభమూ వాడిదే.
వడగళ్ళ రాత్రి నిద్ర మాత్రం నీది.

ఐదేళ్ళయింది. వడగళ్ళు పడలేదు.
వాడి పేరెత్తితే పైఅంతస్తులో
తూకంలో కలిసొచ్చిన కొట్టువాళ్ళలా నవ్వుకుంటారు.
ఆ మిగులుతో ఒక షార్ట్‌స్టాప్‌ని కొన్నారు,
ఇద్దరు ఎడమచేతి పిచర్లనీ.
తప్పు చెప్పానా అని నేను అడగలేదు.
వాడూ అనలేదు.
ప్రతి డిసెంబరూ ఒక మిట్ పంపుతాడు,
బొటనవేలి దగ్గర
ఒక పొర ఎక్కువ కుట్టించి.

ఈ నవంబరులో తేలుస్తారు, ఏడో ఏడు సంగతి.
వాణ్ణి అడగరు.
నేనిప్పుడు బుల్‌పెన్ కోచ్‌ని;
నా కాంట్రాక్టు ఒకటే కాగితం, ఏడాదికోసారి,
వెనకవైపు ఖాళీ.

ఈ పొద్దున ఇంకో ఆకుపచ్చ బిళ్ళ వచ్చింది.
పద్ధెనిమిదేళ్ళుంటాయేమో. నూనూగు మీసం.
దిబ్బ మీద మట్టి తన్ని, బంతిని వేళ్ళలో తిప్పుతూ
"గట్టిగా వెయ్యనా?" అంటాడు.
కూర్చున్నాను. మోకాలు పటుక్కుమంది.
వెయ్యి, అన్నాను.